నడిదారిలో బండి మొరాయిస్తే...

ఈ వారం ముందుగా భీమ్‌గల్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం తీసుకుంటున్నాను. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఆమె భర్త గల్ఫ్‌లో ఉంటారు. ఇంట్లో ఒక పాత మారుతి 800 ఉంది. ఆమే నడుపుతారు. కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతర చూసుకుని, అత్తగారినీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని ఆర్మూరు వైపు వస్తుంటే దారిలో బండి ఆగిపోయిందట.

"ముందు ఎర్ర లైటు వెలిగింది. కాసేపటికి వేడి చూపించే ముల్లు పైకి పోయింది. ఆ తర్వాత ఆవిరి. నలుగురు చేరారు. ఒకాయన పెట్రోలు అన్నాడు, ఒకాయన బ్యాటరీ అన్నాడు. ఇంకొకాయన రేడియేటర్ మూత తీయబోతుంటే మా అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. మెకానిక్ వచ్చేసరికి చీకటి పడింది. ఇలాంటప్పుడు ఎవరి మాట నమ్మాలి? మాలాంటి వాళ్ళం ఏం చేయగలం?" అని అడిగారు.

ముందుగా ఆ అత్తగారికి ఒక నమస్కారం. ఆవిడ బండి నడపకపోవచ్చు గానీ ఆ రోజు చేయవలసిన పనుల్లో ముఖ్యమైనది ఆవిడే చేశారు. ఎందుకో చెబుతాను.

అంబాసిడర్ల తయారీ, మారుతి 800ల తయారీ రెండూ 2014లోనే ఆగిపోయాయి. అయినా మన ఊళ్ళలో ఇంకా అవి తిరుగుతూనే ఉన్నాయి. పాత బండి ముసలి ఎద్దులాంటిది. పని చేస్తుంది, కానీ ఒంట్లో బాగా లేకపోతే ముందుగానే చెబుతుంది. ఆ మాట వినడం మనకి రావాలి. రోజూ కుక్కరు కూతనిబట్టి, పోపు వాసననిబట్టి వంట ఎంతవరకు వచ్చిందో పక్క గదిలోంచే చెప్పగలిగే మనకి ఇదేమంత కష్టం కాదు.

ముందు మనుషులు, తర్వాతే బండి

తేడాగా ఉందని అనిపించగానే, పూర్తిగా ఆగకముందే ఎడమ పక్కకి తీసేయండి. ఊపు ఉండగానే అది సాధ్యం. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే స్విచ్చి ఉంటే నొక్కండి. లేకపోతే వెనక ఎర్రలైట్లు కనబడేలా పార్కింగ్ లైట్లయినా వేయండి. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఎడమవైపు తలుపుల్లోంచే దింపి, రోడ్డుకి దూరంగా, ఏ చెట్టు కిందనో నిలబెట్టండి. బండి ముందు వద్దు, వెనక అసలే వద్దు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఆ వైపు చెరకు లారీలు తగ్గాయేమో గానీ, పసుపు, మొక్కజొన్న బస్తాలతో పోయే లారీలకి ఈ జిల్లాలో కొదవ లేదు. చీకట్లో ఆగిన కారు లారీ డ్రైవరుకి చివరి నిమిషం దాకా కనబడదు. అందుకే వెనకాల యాభై అడుగులు నడిచి, ఎర్ర త్రికోణం గానీ, అది లేకపోతే ఆకులున్న పెద్ద కొమ్మ గానీ పెట్టండి. రాళ్ళు పెట్టవలసివస్తే, వెళ్ళేటప్పుడు తీసేయడం మర్చిపోకండి. మన బండి బాగుపడుతుంది గానీ ఆ రాయి మీదికి ఎక్కిన స్కూటరువాడి సంగతి ఎవరు చూస్తారు?

ఎలా ఆగిందో గుర్తు పెట్టుకోండి

మెకానిక్ వచ్చి మొదట అడిగేది ఇదే. దీనికి సరైన జవాబు చెబితే సగం పని అయిపోయినట్టే.

గొణుగుతూ, ఎగిరెగిరి పడుతూ, ఒక్కోసారి అందుకుంటూ, చివరికి ఆగిందా? అయితే అనుమానం పెట్రోలు మీద. సిలిండరు అయిపోవచ్చినప్పుడు పొయ్యి మంట ఎలా కొట్టుకుంటుందో చూశారుగా, అలాగే. పెట్రోలు ముల్లు పాత బళ్ళలో అబద్ధం చెబుతుంది. ముందు ట్యాంకులో ఉందో లేదో చూసుకోండి.

దీపం ఆర్పినట్టు టక్కున ఆగిందా? అయితే కరెంటు సంగతి. ఎక్కడో వైరు ఊడి ఉంటుంది, లేదా ఫ్యూజు పోయి ఉంటుంది. అసలు తాళం తిప్పితే ఇంజను తిరగడమే లేదా, "టిక్" అని ఊరుకుంటోందా? అది బ్యాటరీ. ఇంజను గిరగిరా తిరుగుతోంది గానీ అందుకోవడం లేదా? బ్యాటరీ బాగానే ఉంది, పెట్రోలు గానీ నిప్పురవ్వ గానీ అందడం లేదు. గ్యాసూ ఉండాలి, లైటరూ వెలగాలి. రెంటిలో ఏది లేకపోయినా పొయ్యి అంటుకోదు కదా!

ఇక మన భీమ్‌గల్ సోదరి సంగతి. ముందు ఎర్ర లైటు, ఆ వెంటనే వేడి ముల్లు. ఈ రెండూ కలిసి వస్తే అది చాలావరకు బెల్టే. ఇంజను ముందు భాగంలో ఒక నల్లటి రబ్బరు పట్టీ తిరుగుతూ ఉంటుంది. బ్యాటరీని నింపే యంత్రాన్నీ, ఇంజను చుట్టూ నీళ్ళు తిప్పే పంపునీ తిప్పేది అదే. అది తెగితే ముందు ఛార్జింగ్ ఆగి ఎర్ర లైటు వెలుగుతుంది. తర్వాత నీళ్ళు తిరగక ఇంజను కాగిపోతుంది. పెట్రోలు అన్నాయనా, బ్యాటరీ అన్నాయనా ఇద్దరూ పొరబడ్డారన్నమాట. ఎర్ర లైటు వెలిగిన వెంటనే ఆపితే కొత్త బెల్టు ఖర్చుతో పోతుంది. "ఇంకాస్త దూరమే కదా" అని నడిపితే ఇంజను విప్పించుకోవలసి వస్తుంది. ఆ ఖర్చు ముందు మన నెల సరుకుల బిల్లు ఏమూలకి?

ఆ మూత జోలికి పోకండి

రేడియేటర్ కూడా ఒక ప్రెషర్ కుక్కరే. లోపల ఒత్తిడి ఉండడంవల్ల నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఆ నీళ్ళన్నీ ఒక్కసారి మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. కూత పోకముందే కుక్కరు మూత తీసే ఇల్లాలు ఉంటుందా? మరి బండి దగ్గర మాత్రం ఎవరో ఒకరు హడావిడిగా మూత మీద చెయ్యి వేస్తారు. అత్తగారికి నమస్కారం పెట్టింది అందుకే.

ఇంజను ఆపి, బానెట్ తెరిచి, కనీసం అరగంట ఆగండి. పైన ఉన్న రబ్బరు గొట్టాన్ని గుడ్డతో పట్టుకుంటే చేతికి తగిలే వేడి తెలుస్తుంది. చల్లబడ్డాక మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకి తిప్పుకుని, మూతని కొంచెమే తిప్పండి. "స్‌స్" అన్న చప్పుడు పూర్తిగా ఆగాక తీయండి. నీళ్ళు కొద్దికొద్దిగా పోయండి. కాగిన పెనం మీద చల్లనీళ్ళు పోసినట్టు, వేడి ఇంజనులో ఒక్కసారిగా పోస్తే లోహం పగిలే ప్రమాదం ఉంది. పోసిన నీళ్ళు కిందినుంచి కారిపోతుంటే గొట్టం పోయిందన్నమాట. ఇక నడపకండి.

బెల్టు బాగానే ఉండి, ఎండకీ ఎక్కుడికీ ముల్లు పైకి పోతుంటే ఒక ఉపాయం ఉంది. ఏసీ ఆపేసి, హీటరు పూర్తిగా పెట్టి, అద్దాలు దించండి. ఇంజను వేడి కొంత మన మీదికి వస్తుంది. చెమటలు పడతాయి గానీ పక్కకి తీసి ఆపేదాకా బండి బతుకుతుంది.

ఎండాకాలపు జబ్బు

మే నెలలో మన నిజామాబాద్ ఎండలు తెలిసినవే. కార్బురేటర్ ఉన్న పాత బళ్ళు ఆ ఎండలో కాసేపు ఆపి మళ్ళీ తీస్తే అందుకోవు. ఇంజను వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయి, ఆ బుడగ పెట్రోలుకి దారి ఇవ్వదు. ఇంజను ఆపి, బానెట్ తెరిచి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఉంచండి. నీళ్ళు వైర్ల మీద పడకుండా గుడ్డని బాగా పిండండి. చాలాసార్లు ఇంతకుమించి వైద్యం అక్కర్లేదు. తర్వాత వచ్చిన ఇంజెక్షన్ బళ్ళలో ఈ బాధ తక్కువ. వాటిలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. తాళం తిప్పగానే వెనకవైపు రెండు మూడు సెకన్లు సన్నటి రొద వినబడాలి. వినబడకపోతే ఆ మాట మెకానిక్‌కి చెప్పండి.

వంటింటి సామానుతో బ్యాటరీ

బ్యాటరీ మీద ఉండే రెండు కొసల దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటుంది. బ్యాటరీ మంచిదే అయినా ఆ పొడివల్ల కరెంటు దాటదు. దారిలో అయితే ఇంజను ఆపి, క్లిప్పులు కదులుతున్నాయేమో చూసి బిగించండి. ఇంటికి వచ్చాక, ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు విప్పి, గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బ్యాటరీ మూతల్లోకి సోడా నీళ్ళు పోకూడదు. తుడిచి, ఆరాక ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించి, పైన కాస్త వాజ్‌లైన్ రాయండి. గాజులు తీసేసి చేయండి. లోహం తగిలితే నిప్పులు రాలతాయి. ఆ పొడి ఆమ్లం, చేతులు కడుక్కోండి.

ముక్కుకి తెలిసేవి

తియ్యటి పాకంలాంటి వాసన వస్తే కూలెంట్ కారుతోంది. రబ్బరు కాలిన వాసన బెల్టుది కావచ్చు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే బ్యాటరీ అతిగా ఛార్జ్ అవుతోంది. వైరు కాలిన వాసన వస్తే వెంటనే తాళం తీసేసి అందరూ దిగిపోండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంజను తిప్పవద్దు. చుట్టూ చేరినవాళ్ళని ముందు బీడీలు ఆర్పేయమనండి. సిగ్గుపడకుండా గట్టిగానే చెప్పండి. ఫ్యూజు పోతే దాని బదులు సిగరెట్ పెట్టెలో రేకు చుట్టి పెడతామనే మహానుభావులు ఉంటారు. ఒప్పుకోకండి. ఫ్యూజు ఉన్నదే బండి తగలబడకుండా కాపాడడానికి.

హైవే అయితే 1033కి, ఎక్కడైనా ఆపద అనిపిస్తే 112కి ఫోన్ చేయండి. రాత్రిపూట అద్దాలు బిగించి, ఇంజను నడుపుతూ కారులోనే నిద్రపోవడం మాత్రం వద్దు. పాత బళ్ళలో పొగ లోపలికి వస్తే వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

మొట్టమొదటి ప్రయాణం ఒక ఇల్లాలిదే

"ఇవన్నీ మగవాళ్ళ పనులు కదండీ" అంటారా? మోటారు కారు మీద మొట్టమొదట దూరప్రయాణం చేసింది ఒక ఇల్లాలు. జర్మనీలో కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైమాట. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. వైరు మీద పూత పోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు వేయించింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొంది! అప్పుడు మెకానిక్ ఎక్కడున్నాడు? చేతిలో ఉన్నదానితో గడుపుకురావడం మనకి కొత్త కాదు కదా.

డిక్కీలో ఉండవలసినవి

రెండు పెద్ద సీసాల నీళ్ళు (తాగడానికి వేరే). ఒక కొత్త బెల్టు. మీ బండి పేరు చెబితే ఇస్తారు. టార్చిలైటు, పాత తువ్వాలు రెండు, స్పానర్లు, స్క్రూడ్రైవరు, సరైన ఫ్యూజులు నాలుగు, జంపర్ కేబుల్, ఎర్ర త్రికోణం. స్టెప్నీలో గాలి ఉందో లేదో నెలకోసారి చూడండి. ఇన్సూరెన్స్ పాలసీలో రోడ్డు మీద సహాయం ఉందేమో చదవండి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నారో లేదో కూడా చూసుకోండి. అది ఐదేళ్ళకోసారి చేయించవలసిందే.

ప్రయాణం ముందురోజు చల్లని ఇంజను మీద బానెట్ తెరిచి మూడే మూడు చూడండి: నీళ్ళు, ఆయిలు, బెల్టు. బెల్టుని మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం కంటే ఎక్కువ దిగకూడదు. లోపలి వైపు బీటలుంటే మార్పించండి. పెరుగు తోడుపెట్టే వేళలో అయిపోయే పని ఇది.

నలుగురు చేరి నాలుగు మాటలు చెప్పినప్పుడు, "ముందు ఎర్ర లైటు వెలిగిందండీ, తర్వాతే వేడెక్కింది, బెల్టు చూడండి" అని మీరు అనగలిగితే చాలు. మిగతా మాటలు వాటంతట అవే సద్దుమణుగుతాయి.