బూదికోట గుట్ట ఎవరిది?

పోయిన ఆదివారం మీటింగులో మొదలైన వాదన టీ తాగేటప్పుడు కూడా ఆగలేదు. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికతో చదవండి.

మేము అడిగింది చిన్న పని. ఒక పూట అందరం కలిసి బూదికోట గుట్టకు పోదాం, దారికి అడ్డంగా పెరిగిన ముళ్ళకంపలు కొడదాం అన్నాం. ఒక పెద్దాయన లేచి "తెలుగు సంఘానికి హైదర్ అలీ కోటతో ఏం పనప్పా?" అన్నారు. వెనకనుంచి ఒక కుర్రాడు "పోతే హైదర్ పేరుతో పెద్ద సభే పెడదాం, బ్యానర్లు కడదాం" అన్నాడు. ఇద్దరి మాటా మాకు సరిగా తోచలేదు.

బూదికోట మన బంగారుపేటకు పన్నెండు పదమూడు కిలోమీటర్లు. సంస్కృతంలో విభూతిపురం, మన నోట బూదికోట. హైదర్ అలీ పుట్టింది అక్కడే, 1720 ప్రాంతంలో. తండ్రి ఫతే మహమ్మద్ సిరా నవాబు కింద కోలారు ఫౌజ్‌దారు, బూదికోట ఆయన జాగీరు. ఆయన యుద్ధంలో పోయేసరికి పిల్లవాడు ఇంకా చిన్నవాడు. బాకీ రాబట్టడానికి దొడ్డబళ్ళాపురంలో ఆ పిల్లవాణ్ణీ అన్ననూ పెద్ద నగారాలో కూర్చోబెట్టి పైనుంచి వాయించారని పాత చరిత్రలు చెబుతాయి. మా పిల్లలకు మైసూరు దర్బారు గురించి ఎంత చెప్పినా ఆవులిస్తారు, ఈ నగారా కథ చెబితే మాత్రం లేచి కూర్చుంటారు. ఆ కుటుంబం సమాధులు కోలారు మక్బరాలో ఉన్నాయి. మనలో ఎంతమంది లోపలికి పోయి చూశారో చేతులెత్తమంటే మీటింగులో మూడు లేచాయి.

పెద్దాయన కోపానికి కారణం లేకపోలేదు. 1780లో హైదర్ సైన్యం కనుమలు దిగి ఆర్కాటు నవాబు సీమ మీద పడినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు తగలబడ్డాయి. దాన్ని దాచి సభ పెడితే అది చరిత్ర కాదు, భజన. అయితే అటువైపువాళ్ళు మాత్రం ఏమన్నా తక్కువా? 1768లో ఇంగ్లీషువాళ్ళు కోలారు, ముళబాగిలు పట్టుకున్నారు, హైదర్ మళ్ళీ లాక్కున్నాడు. 1791లో కారన్‌వాలిస్ మొగిలి కనుమ ఎక్కి, పలమనేరు మీదుగా కోలారుకు వచ్చి, అక్కడినుంచి బెంగళూరు మీదికి పోయాడు. చిత్తూరు బస్సు ఎక్కినప్పుడల్లా మనం పోయే దారే అది. ఏ సైన్యం నడిచినా దారిలో రైతు గడ్డివామి, ఎద్దు, విత్తనాల కుండ దానికే పోయాయి. ఆ రైతు కన్నడమూ కావచ్చు, తెలుగూ కావచ్చు, తురకమూ కావచ్చు. గుట్ట అతనిది కూడా.

దూరంగా ఉన్న ఒక ఊరి సంగతి చెబుతాం. ఇటలీలో కాసినో అని చిన్న పట్నం. రోమన్ల కాలపు రంగస్థలం శిథిలాలు ఊరి అంచున, పైన కొండ మీద 529లో పెట్టిన మఠం. 1944 ఫిబ్రవరి 15న మిత్రరాజ్యాల విమానాలు ఆ మఠాన్ని నేలమట్టం చేశాయి. కింద ఊరూ మిగల్లేదు. ఆ కొండ మీద పోరాడినవాళ్ళలో మన నాలుగో ఇండియన్ డివిజన్ ఉంది. చచ్చిపోయిన మనవాళ్ళ పేర్లు అక్కడి యుద్ధ శ్మశానంలో ఇవాళ్టికీ చదువుకోవచ్చు. మఠాన్ని మళ్ళీ కట్టారు, 1964లో తిరిగి ప్రతిష్ఠించారు. మఠం మీద బాంబులు వేసిన పక్షంలో పోరాడిన సిపాయిల గోరీలకు ఆ ఊరు చోటిచ్చింది. ఎవరి పక్షమని అడిగి గడ్డి కోయడం మానేయలేదు.

ఇక్కడ మనం ఏం చేస్తున్నాం? మన ఊరి పేరే ఒకప్పుడు బౌరింగ్‌పేట, మైసూరు చీఫ్ కమిషనర్ బౌరింగ్ దొర పేరు. అది ఎందుకు ఉండేదో, ఎందుకు పోయిందో పిల్లలకు చెప్పలేదు. కేజీఎఫ్ గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్ళ పని, మూడు కిలోమీటర్ల లోతు. ఆ తర్వాత సినిమా వచ్చేదాకా ఎవరూ అటు చూడలేదు. ఇప్పుడు బయటినుంచి వచ్చినవాళ్ళు సైనైడ్ దిబ్బల మీద నిలబడి సెల్ఫీలు తీసుకుని, "నారాచి ఏదన్నా?" అని మనల్నే అడుగుతున్నారు! గుట్టకు సినిమా కూడా దొరకలేదు. చుట్టుపక్కల బండ కొట్టే పని మన జిల్లాకు కూడు పెడుతోంది, తప్పు పట్టం. కానీ కోట రాయి, క్వారీ రాయి ఒకటి కాదని చెప్పడానికి ఊళ్ళో కనీసం పది నోళ్ళుండాలి.

అందుకే మా మాట ఇది. సభ వద్దు, విగ్రహం వద్దు, జెండా అసలే వద్దు. తవ్వకాలు, సున్నం పూయడాలు మన పని కాదు, ఒక్క రాయి కదిలించం. పంచాయతీ పెద్దలకు ముందే చెప్పి, ఒప్పుకుంటేనే పోతాం. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడింటిలో ఒక బోర్డు పెట్టమని అర్జీ ఇద్దాం. అందులో హైదర్ పుట్టుకా ఉండాలి, 1780 మంటలూ ఉండాలి. పోయిన ఉగాది షామియానా ఖర్చులో పావు భాగం చాలు దీనికి. లెక్క కోశాధికారి దగ్గరుంది, అడిగి చూసుకోండి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు బస్టాండు దగ్గర కలుద్దాం. కొడవలి ఉన్నవాళ్ళు తెండి, బూట్లు వేసుకోండి, నీళ్ళు ఎవరివి వాళ్ళు. పెద్దాయనకు మోకాళ్ళ నొప్పి, గుట్ట ఎక్కలేనంటున్నారు. కింద నీడన కుర్చీ వేస్తాం. ఆయన వాదన ఆయన చెప్పనీ, దిగి వచ్చాక వింటాం.