మన గనుల పదాతి దళము

కోలారు బంగారు గనులలో ఒకప్పుడు ఒక పదాతి దళముండెనని మనలో ఎందరెరుగుదురు? దూరదేశపు యుద్ధముల తేదీలను కంఠస్థము చేయు మనము, మన వాకిటి చరిత్రను ఎరుగకుండుట తగదు.

1880లో జాన్ టేలర్ సంస్థ ప్రవేశించిన పిమ్మట ఈ గనులు వృద్ధి చెందెను. 1902లో శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఇచటి ఆంగ్లేయులు స్వచ్ఛంద తుపాకి దళముగా ఏర్పడిరి. వారు వృత్తి సైనికులు కారు. గనుల పనిలో నుండుచు, తీరిక వేళ కవాతు చేయువారు. 1917లో ఆ దళము భారత రక్షణ దళములో చేరెను. 1920 చట్టముతో ఆగ్జిలియరీ ఫోర్సులో భాగమై, కోలార్ గోల్డ్ ఫీల్డ్ బెటాలియన్ అని పిలువబడెను. స్వస్థలమును కాపాడుటయే అట్టి దళముల ముఖ్య విధి. 1947లో దేశము స్వతంత్రమైన పిమ్మట ఆ సైన్యమునకు కాలము చెల్లెను.

ఇంతవరకు చరిత్ర. ఇక మా అభిప్రాయము.

ఆగ్జిలియరీ ఫోర్సు తెల్లవారికిని, ఆంగ్లో ఇండియనులకును మాత్రమే ఉద్దేశింపబడినది. భారతీయులకు అదే 1920లో వేరొక చట్టముతో వేరొక దళము నేర్పరచిరి. చిత్తూరు ప్రాంతమునుండి, తమిళ జిల్లాలనుండి వచ్చి, పాతాళమువంటి గోతులలో ప్రాణములకు తెగించి రాయి పగులగొట్టిన మన తాతలు, తమ ఊరిని కాచు దళమున చేర నర్హులు కాలేదు! అంతియే కాదు. 1930లో వారి వేలిముద్రలు తీయబూనగా, అది అవమానమని వారు సమ్మె కట్టిరి. ఒకరి చేతికి తుపాకి, ఒకరి వేలికి సిరా: ఆనాటి నమ్మకము ఇట్లు పంచబడెను.

దీనిని తలచి నేడెవరినో ద్వేషింపుమని మేము చెప్పుట లేదు. తీరికను వదలి కవాతు చేసినవారి క్రమశిక్షణ మెచ్చదగినదే. కాని ఆ దళపు పేరు గ్రంథములకెక్కినది. మన తాతల పేర్లు ఎక్కలేదు. ఈ లోటును తీర్చవలసినవారము మనమే.

తలిదండ్రులారా! 2001లో గనులు మూతపడెను. లోనికి దిగిన పెద్దలు ఏటేట తరిగిపోవుచున్నారు. వారి మాటలను పిల్లలచేత తెలుగులో వ్రాయింపుడు. ఇంటి భాషలో చెప్పిన కథ ఇంటి భాషలోనే నిలిచిన, దాని రుచి చెడదు. మన భాషకు ఇంతకు మించిన సేవ యేమున్నది?

విద్యార్థులారా! 1948లో స్వతంత్ర భారతము ప్రాదేశిక సైన్యమునకును, నేషనల్ కేడెట్ కోరుకును చట్టములు చేసెను. అచట జాతిని, రంగును అడుగువారు లేరు. బాలికలకును కేడెట్ కోరులో చోటు కలదు. మన తాతలకు మూసియుంచిన తలుపు మనకు తెరువబడినది. తెరచిన తలుపు ముందు నిలిచియుండుట కంటె, లోపలికి నడచుట మేలు కదా!

కవాతునకు నిలిచిన నాడు మన తాతలను ఒక్కసారి తలచుకొందము. వారు త్రవ్వి తీసిన బంగారము ఎచటికో పోయినది. వారి కథయైనను మనవద్ద మిగులవలెను.