పదేళ్ల పెట్టుబడి అంటే మన తండాకు పదేళ్ల బీడు

ఎంఎంటీఎస్‌లో బోరబండ తర్వాత స్టేషనే హైటెక్ సిటీ. అక్కడ జీతాలు తీసుకునేటోళ్లు ఇప్పుడు వికారాబాద్ దాకా పొలాలు కొంటున్నరు. పదేళ్లు ఆగితే రేటు పెరుగుతదట. వాళ్ల పైసలు, వాళ్లిష్టం. కానీ తండాల్లో భూములు చూపిస్తున్నదెవరు? బోరబండ రూముల్లో ఉండి చదువుకునే మన తమ్ముళ్లే, కమీషన్ కోసం!

ఎకరం అంటే 40 గుంటలు, 4,840 గజాలు. మన తాతల దగ్గర ఎకరం లెక్కన కొంటరు, సిటీలో గజం లెక్కన అమ్ముతరు. కొన్నోడు దున్నడు, కంచె వేసి పోతడు. మా తండాలో అట్ల ఒక్క కంచె పడ్డందుకే మేకలకు కుంట దారి బంద్ అయింది. కూలి పని సంగతి సరే సరి.

"1/70 ఉంది కదన్నా" అంటరు. అది షెడ్యూల్డ్ ఏరియాకే తమ్మీ. రంగారెడ్డి, వికారాబాద్ తండాలకు వర్తించదు. మనకున్నది 1977 అసైన్డ్ భూముల చట్టం. సాగుకోసం భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన భూమిని ఇట్ల పెట్టుబడికి కొంటే ఆ అమ్మకం చెల్లదు. సొంత పట్టా భూమికి మాత్రం ఆ అడ్డు కూడా లేదు, ఇంట్లోవాళ్లు వద్దంటేనే ఆగుతది.

ఎవరి తండాలోనైనా తెల్లకాగితం మీద వేలిముద్ర అడుగుతుంటే ఇక్కడ రాయండి. తహసీల్దార్ ఆఫీసుకు నేనూ వస్త.