సంతానలేమి: మన సంఘాలు మాట్లాడని మాట

2025 జూలై నెల మొదట్లో పారిస్‌లో ఒక పెద్ద వైద్య సదస్సు ముగిసింది. అదే నెల చివరి వారంలో సికింద్రాబాద్‌లోని ఒక ఫెర్టిలిటీ కేంద్రంలో పోలీసులు సోదాలు జరిపి, డాక్టరుతో సహా పలువురిని అరెస్టు చేశారు. మొదటి వార్తను మనలో చాలామంది చూసి కూడా ఉండరు. రెండోది రోజుల తరబడి టీవీల్లో మోగింది. పిల్లల కోసం కన్నీళ్లతో ప్రార్థించే జంటలు మన ప్రతి సంఘంలోనూ ఉన్నారు. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

పారిస్‌లో జరిగింది యూరోపియన్ సొసైటీ ఆఫ్ హ్యూమన్ రిప్రొడక్షన్ అండ్ ఎంబ్రియాలజీ 41వ వార్షిక సదస్సు. పొట్టిగా 'ఎష్రే' అంటారు. దీన్ని 1985లో ఫ్రెంచి డాక్టరు జాన్ కోహెన్‌తో కలిసి స్థాపించినది రాబర్ట్ ఎడ్వర్డ్స్. 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో లూయీ బ్రౌన్ అనే పాప పుట్టింది. శరీరం బయట అండాన్ని ఫలదీకరణం చేసి, ఆ పిండాన్ని తల్లి గర్భంలో ఉంచగా పుట్టిన మొదటి బిడ్డ ఆమె. దాని వెనక ఎడ్వర్డ్స్, డాక్టర్ పాట్రిక్ స్టెప్టో, నర్సు జీన్ పర్డీల ఏళ్ల తరబడి శ్రమ ఉంది. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి వచ్చేసరికి మిగతా ఇద్దరూ లేరు. ఈ విధానంలో పుట్టిన పిల్లల సంఖ్య ఇప్పుడు ప్రపంచంలో కోటీ ఇరవై లక్షలు దాటింది.

మన దేశం ఇందులో వెనకబడి లేదు. లూయీ పుట్టిన రెండు నెలల ఎనిమిది రోజులకే, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతుల మీదుగా ఇలాంటి పాపే పుట్టింది. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. తన పనిని అంతర్జాతీయ సభలో వివరించుకోవడానికి కూడా ఆయనకు అవకాశం దొరకలేదు. 1981 జూన్‌లో ఆ డాక్టరు ఆత్మహత్య చేసుకున్నారు. పదహారేళ్ల తర్వాత ఆయన చేసింది నిజమేనని మరో శాస్త్రవేత్త, టి.సి. ఆనంద్ కుమార్, ఆ కాగితాలు చదివి లోకానికి చెప్పారు. సదస్సుల సంగతి మాట్లాడుకునేటప్పుడు ఈయన గుర్తుకు రాక మానరు.

పారిస్ సదస్సు నుంచి పేపర్లు ఎక్కువగా ఎత్తుకున్నది మైక్రోప్లాస్టిక్‌ల వార్త. స్పెయిన్ పరిశోధకులు 29 మంది స్త్రీల అండాశయ ద్రవాన్ని, 22 మంది పురుషుల వీర్యాన్ని పరీక్షిస్తే 69 శాతం స్త్రీలలో, 55 శాతం పురుషులలో ప్లాస్టిక్ రేణువులు కనబడ్డాయట. పరీక్షించింది యాభై మందినే. దీన్ని పట్టుకుని భయపడనక్కరలేదు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది దాతల గురించిన చర్చ. మే నెలలో మిలాన్‌లో జరిగిన యూరపు జన్యుశాస్త్రజ్ఞుల సభలో ఒక సంగతి బయటపడింది. ఒకే దాత వీర్యంతో ఎనిమిది దేశాల్లో కనీసం 67 మంది పిల్లలు పుట్టారు. అతనిలో క్యాన్సర్ తెచ్చే జన్యులోపం ఉన్నట్లు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే పదిమంది పిల్లలకు జబ్బు వచ్చింది. ఒక్క దాతతో యూరపు మొత్తమ్మీద 50 కుటుంబాలకు మించకూడదని ఎష్రే ఇప్పుడంటోంది. మన దేశంలో 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఒక దాత నుంచి తీసుకున్నదాన్ని ఒక్క జంటకే ఇవ్వాలి. కాగితం మీద మనమే కట్టుదిట్టంగా ఉన్నాం.

ఈ డాక్టర్ల సంఘం 2023లో ఇచ్చిన సలహా ఒకటుంది. మన ఊళ్లలోని జంటలకు అదే ఎక్కువ అవసరం. ఐవీఎఫ్‌తో పాటు అదనంగా అమ్మే పరీక్షలు, ఇంజెక్షన్లు చాలావాటికి ఫలితం రుజువు కాలేదు కాబట్టి, వాటిని మామూలుగా వాడవద్దని అందులో తేల్చి చెప్పారు. గర్భాశయపు పొరను గీకడం, ఇంట్రాలిపిడ్ ఎక్కించడం, అండాశయంలోకి పీఆర్‌పీ ఇవ్వడం ఇలాంటివే. ఒక్కో విడతకు లక్షకు పైగా ఖర్చయ్యే చికిత్సలో ఈ అదనాలు కలిస్తే బిల్లు ఎక్కడికి వెళ్తుందో అనుభవించినవారికి తెలుసు. యూరపు లెక్కల్లోనే, గర్భంలో పిండాన్ని ఉంచిన ప్రతి మూడు సార్లలో సుమారు ఒక్కసారే గర్భం నిలుస్తోంది. 'వంద శాతం గ్యారంటీ' అని ఫ్లెక్సీ కట్టే చోటికి వెళ్లేముందు ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు.

ఇక సికింద్రాబాద్. పోలీసులు చెప్పిన వివరాలివి. రాజస్థాన్‌కు చెందిన దంపతులు 2024 ఆగస్టులో ఐవీఎఫ్ కోసం ఆ కేంద్రానికి వెళ్లారు. సరోగసీ అయితే మేలని అక్కడ చెప్పారు. విడతలవారీగా 30 లక్షలకు పైగా కట్టించుకున్నారు. 2025 జూన్‌లో, విశాఖపట్నంలో మీ బిడ్డ పుట్టాడంటూ ఒక మగశిశువును చేతికిచ్చారు. అనుమానం వచ్చి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకూ వారికీ ఏ సంబంధమూ లేదని తేలింది. పొట్టకూటి కోసం అస్సాం నుంచి హైదరాబాదు వచ్చిన ఒక పేద జంటకు 90 వేల రూపాయలిచ్చి వాళ్ల బిడ్డను తెచ్చారట. నేరం ఎవరిదో తేల్చవలసింది న్యాయస్థానం.

సరోగసీ చట్టం ఏమంటోందో తెలిసినవారికి ఈ కథ మొదటి రోజే అనుమానం కలిగిస్తుంది. డబ్బు తీసుకుని గర్భం మోయడం మన దేశంలో నిషేధం. పదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. అనుమతి ఉన్న సరోగసీకైనా జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, తల్లిదండ్రులు ఎవరో తేల్చే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు, గర్భం మోసే తల్లికి 36 నెలల బీమా ఉండాలి. అంటే కోర్టు గుమ్మం తొక్కకుండా సరోగసీ బిడ్డ చట్టప్రకారం మన ఒడిలోకి రాదు. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఒక మహిళ ఐవీఎఫ్‌తో కవలలను కన్నప్పుడు మనమంతా నోరెళ్లబెట్టాం. అప్పటికి ఈ చట్టాలు లేవు. ఇప్పుడు ఐవీఎఫ్‌కు స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్లు దాటకూడదు.

చదువుకున్న జంటలు కూడా ఇవేవీ ఎందుకు అడగరు? ఆ రాజస్థాన్ దంపతుల మనసు మనకు తెలియదు, వారిని తప్పుపట్టే పనీ లేదు. మన చుట్టూ ఉన్నవారి సంగతి తెలుసు. వాళ్లు ఎవరినీ అడగరు, ఎందుకంటే ఎవరికీ చెప్పరు. ఊరు మార్చి, జిల్లా మార్చి, బురఖా దొరికితే అదైనా వేసుకుని వెళ్లేంత గుట్టుగా వెళ్తారు. డబ్బు ఎంత కట్టారో అన్నకూ తెలియదు, అత్తకూ తెలియదు. మోసం చేసేవాడికి ఇంతకంటే కావలసింది లేదు. రేపు మోసపోయినా ఈ జంట నోరు విప్పి పోలీసు స్టేషనుకు రాదని అతని ధీమా.

ఈ గుట్టు ఎక్కడి నుంచి వచ్చిందో ఒప్పుకోవాలి. మన మందిరంలో పెళ్లయిన ఆరు నెలలకు 'విశేషం ఏమైనా ఉందా అమ్మా?' అని మొదలవుతుంది. రెండో ఏడాది 'ఎవరికి చూపిస్తున్నారు?' మూడో ఏడాది ఉజ్జీవ కూటాలకు వచ్చిన ప్రసంగీకుడు ఆమెను ముందుకు పిలిచి, వచ్చే ఏడు ఈపాటికి నీ ఒడిలో కొడుకుంటాడని మైకులో ప్రకటిస్తాడు. ఏడాది తిరుగుతుంది. ఒడి నిండదు. ఆ మాట చెప్పినాయన మరో ఊళ్లో ఉంటాడు. విశ్వాసం చాలలేదన్న నింద మాత్రం ఆమె మీద ఉండిపోతుంది. బిడ్డల ప్రతిష్ఠ జరిగే ఆదివారాలు ఆమె గుడికి రాకపోవడం పాస్టరమ్మ గమనిస్తుంది, మనం గమనించం.

నింద ఎప్పుడూ ఆమె మీదే. దాదాపు సగం జంటల్లో కారణం పూర్తిగానో కొంతవరకో భర్త వైపు ఉంటుందని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. భర్తకు చేసే వీర్యపరీక్ష చాలా చవక, నొప్పిలేనిది, ఒక్క రోజు పని. అయినా ఆమెకు స్కానింగులు, ల్యాపరోస్కోపీ అన్నీ అయ్యాక గానీ ఆయన ల్యాబు మెట్లెక్కడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన ప్రకారం జీవితంలో ఏదో ఒక దశలో ప్రతి ఆరుగురిలో ఒకరికి సంతానలేమి ఎదురవుతోంది. అరవై జంటలున్న సంఘంలో ఎంతమంది ఉంటారో కాపరులు లెక్క వేసుకోవచ్చు.

లేఖనాల్లో ఈ బాధకు చోటు తక్కువేమీ లేదు. శారా, రిబ్కా, రాహేలు, మానోహ భార్య, హన్నా, ఎలీసబెతు. జెకర్యా ఎలీసబెతులకు పిల్లలు లేరని చెప్పకముందే, వారిద్దరూ దేవుని ఎదుట నీతిమంతులని లూకా రాశాడు. ఆ వరస ఊరికే వచ్చింది కాదు. హన్నాను సవతి ఎత్తిపొడిచింది. భర్త ప్రేమించాడు గానీ ఆమె దుఃఖం ఆయనకు అందలేదు. యాజకుడైన ఏలీ ఆమెను తాగుబోతు అనుకున్నాడు. అసలు సంగతి ఆమె చెప్పుకున్నాక మాత్రం మాట మార్చుకుని సమాధానంతో పంపాడు. మన కాపరులు ఏలీ దగ్గర నేర్చుకోవలసింది ఆ రెండో సగం.

హాగరును కూడా చదవాలి. పిల్లలు లేని ధనవంతుల ఇంట్లో దాసి ఆమె. గర్భం ఇస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు. కడుపు వచ్చాక ఆమె మీద కోపగించుకున్నారు, చివరికి అరణ్యానికి పంపేశారు. తనను చూస్తున్న దేవుడని ప్రభువుకు పేరు పెట్టింది ఆ దాసే. అండాలు అమ్ముకునే పేద స్త్రీ, 90 వేలకు బిడ్డనిచ్చిన తల్లి మన ప్రార్థనల్లో ఎక్కడున్నారు? చట్టం ప్రకారం ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే, ఏడుకు మించకుండా అండాలు దానం చేయాలి. ఇంకొకరి సంతోషం కోసం ఆమె పొట్టలోకి వెళ్లే హార్మోన్ ఇంజెక్షన్ల సంగతి ఆశతో ఉన్న జంటకు కనబడదు.

మరి ఐవీఎఫ్ చేయించుకోవచ్చా అని విశ్వాసులు అడుగుతారు. కేథలిక్ సంఘం 1987 నుంచి స్పష్టంగా వద్దంటోంది. అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు 2024 జూన్‌లో పిండాల పట్ల జాగ్రత్త అవసరమని తీర్మానించారు. మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఈ విషయం మీద నేను ఇంతవరకు ఒక్క ప్రసంగమూ వినలేదు. నా మటుకు, భార్యాభర్తల స్వంత అండం, స్వంత వీర్యంతో చేసే చికిత్సను పాపమనలేను. పిండాల విషయంలో మాత్రం తేలిగ్గా ఉండలేను. పది అండాలను ఫలదీకరణం చేసి రెండింటిని గర్భంలో ఉంచితే, మిగిలినవి ఫ్రీజర్‌లోకి వెళ్తాయి. మన చట్టం పదేళ్ల వరకే వాటిని ఉంచనిస్తుంది. ఆ తర్వాత నశించనివ్వాలి, లేదా దంపతుల అంగీకారంతో పరిశోధనకు ఇవ్వాలి. ఎన్ని అండాలను కలుపుతారు, ఎన్ని పిండాలను ఉంచుతారు, మిగిలినవి ఏం చేస్తారు అని సంతకానికి ముందే అడగవచ్చు. తక్కువ చేయమని కోరవచ్చు. సంతకమయ్యాక కాపరి దగ్గరికి వచ్చి ఏడ్చే జంటకు ఎవరూ ఏమీ చెప్పలేరు.

1978లో లూయీ పుట్టినప్పుడు వెనీస్ కార్డినల్ అల్బీనో లూచానీని పత్రికవాళ్లు అడిగారు. సంఘ బోధను విడిచిపెట్టడానికి తనకు కారణం కనబడలేదన్నారు. ముందు మాత్రం ఆ పాపకు శుభాకాంక్షలు చెప్పారు, తల్లిదండ్రులను ఖండించే హక్కు తనకు లేదన్నారు. ఆ ఆగస్టులోనే ఆయన పోపు అయ్యారు. బోధ ఏదైనా, మాట్లాడే పద్ధతి అలా ఉండాలి.

దత్తత మాటను చికిత్సలో ఉన్న జంటకు ఓదార్పుగా విసరకూడదు. వాళ్లంతట వాళ్లు అడిగితే మాత్రం సరైన సమాచారం ఇవ్వాలి. క్రైస్తవులకు దత్తత చట్టం లేదని, 1890 నాటి సంరక్షకుల చట్టమే గతి అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది పాత మాట. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతంవారైనా 'కారా' వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని దత్తత తీసుకోవచ్చు. జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఇస్తారు. ఆ బిడ్డకు కన్నబిడ్డతో సమానంగా హక్కులుంటాయి. వరసలో ఏళ్ల తరబడి ఆగాలి, నిజమే. ఆ నిరీక్షణ భరించలేక, నర్సు ద్వారానో మధ్యవర్తి ద్వారానో 'బిడ్డ దొరుకుతుంది' అన్న కబురుకు మన విశ్వాసుల ఇళ్లలో కూడా చెవి ఒగ్గుతున్నారు. ఆ కబురు వచ్చేది సికింద్రాబాద్‌లో బయటపడినలాంటి దారిలోనే.

డీఎన్ఏ పరీక్షతో ఎవరి బిడ్డా కాకుండా పోయిన ఆ పసివాడు ప్రభుత్వ శిశు సంరక్షణలోకి వెళ్లాడు. అప్పటికి వాడికింకా రెండు నెలలు.