పసుపు నలుపు చారల సాక్ష్యము



ఈ మధ్య మన ఇండ్లలో తరచుగా వినబడే తగవు ఒకటి ఉన్నది. కుమారుడు చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని తల ఊపుతూ ఉంటాడు. ఆ హోరు తండ్రి చెవిన పడుతుంది. "ఇది సాతాను సంగీతము, ఆపు" అంటాడు. కుమారుడు ఆపుతాడు. పొలము గట్టుకు వెళ్ళి మళ్ళీ పెట్టుకుంటాడు. ఇద్దరి మధ్య తల్లి నలిగిపోతుంది. ఈ తగవును గూర్చి ఆలోచించుటకు ఈ నెల ఒక ఆల్బమ్ కథను మీ ముందు ఉంచుతున్నాము. కథ అమెరికా దేశముదే గాని, అందులోని పెద్దలూ బిడ్డలూ మనకు కొత్తవారు కారు.

కాలిఫోర్నియా రాష్ట్రములో రాబర్ట్ స్వీట్, మైకేల్ స్వీట్ అని ఇద్దరు అన్నదమ్ములు. 1975 లో టీవీలో జిమ్మీ స్వాగార్ట్ అనే పేరుగల బోధకుని ప్రసంగములు విని ఆ కుటుంబము ప్రభువును అంగీకరించింది. అప్పటికి మైకేల్‌కు 12 ఏళ్ళు. కాని యౌవనము వచ్చేసరికి ఆ అన్నదమ్ములు మందిరమునకు దూరమై, లాస్ ఏంజెలెస్ క్లబ్బులలో హార్డ్ రాక్ వాయించసాగారు. హార్డ్ రాక్ అంటే కరెంటు గిటార్లు, పెద్ద డ్రమ్ములు, గొంతు చించుకొని పాడే పాటలు. 1983 లో ఒక స్నేహితుడు వచ్చి, "మీకున్న ఈ వరమును దేవునికి ఇవ్వరాదా?" అన్న భావముతో వారిని కదిలించాడు. వారు మరల ప్రభువు తట్టు తిరిగారు. గిటారు మానలేదు, పాట మార్చారు.

తమ బృందమునకు స్ట్రైపర్ అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషులో స్ట్రైప్ అంటే చార. పాత ఇంగ్లీషు బైబిలులో కొరడా దెబ్బకు కూడా అదే మాట. యెషయా 53:5 లో ప్రభువు పొందిన దెబ్బలను గూర్చి ఉన్నది గదా, ఆ వచనము సంఖ్యను తమ పేరు క్రిందనే వేసుకున్నారు. బట్టలపైన, డ్రమ్ములపైన, గిటార్లపైన పసుపు నలుపు చారలు. రాబర్ట్ డ్రమ్ములు, మైకేల్ పాట, గిటారు. ఆజ్ ఫాక్స్ మరొక గిటారు, టిమ్ గేన్స్ బాస్ గిటారు. కచేరీలో క్రొత్త నిబంధన ప్రతులను జనము మధ్యకు విసిరేవారు.

1986 అక్టోబరులో వారి 'టు హెల్ విత్ ద డెవిల్' అనే ఆల్బమ్ వెలువడింది. పేరు వినగానే ఉలిక్కిపడకండి. సాతాను నరకానికే పోవలెనని దాని భావము. ఆ ఆల్బమ్ తయారీ సాఫీగా సాగలేదు. పని మధ్యలో బాస్ గిటారు వాయించే టిమ్ బృందమును విడిచిపోయాడు. అతని స్థానములో బ్రాడ్ కాబ్ అనే కళాకారుడు వాయించాడు. ఆ తరువాత టిమ్ తిరిగి వచ్చాడు. అట్టపై రెక్కలు గల నలుగురు సాతానును అగ్నిగుండములోనికి త్రోస్తున్న బొమ్మ వేయించారు. దానిపై గొడవ లేచింది. చివరకు ఆ బొమ్మ తీసివేసి, నల్లని అట్ట వేయవలసి వచ్చింది.

ఇన్ని ఇబ్బందుల నడుమ వచ్చిన ఆ ఆల్బమ్ అమెరికాలో 10 లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయింది. అటువంటి దానిని అక్కడ ప్లాటినం ఆల్బమ్ అంటారు. క్రైస్తవ హెవీ మెటల్ పాటలలో ఆ ఘనత పొందిన మొదటిది ఇదే. అందులో 'ఆనెస్ట్‌లీ' అనే నెమ్మదైన పాట దేశమంతటి పాటల పట్టికలో 23వ స్థానము వరకు వెళ్ళింది. లోక సంబంధమైన పాటలు చూపే ఎంటీవీలో వీరి పాటలు పదే పదే వచ్చాయి. మందిరము గడప తొక్కని పిల్లలు యేసు నామమును అక్కడ విన్నారు.

అయితే ఎవరు సంతోషించారు? కచేరీ హాలు బయట కొందరు విశ్వాసులు అట్టలు పట్టుకొని నిరసన తెలిపేవారు. లోపల రాక్ అభిమానులు కొందరు ఎగతాళి చేసేవారు. ఎవరి ప్రసంగము విని ఆ కుటుంబము మారినదో ఆ స్వాగార్ట్ గారే, జనముపైకి క్రొత్త నిబంధనలు విసరడము పందుల ముందు ముత్యములు వేయడమేనని తప్పుపట్టారు. క్రైస్తవ రాక్ సంగీతమునకు విరోధముగా 1987 లో పుస్తకమే ప్రచురించారు. ఆయన కూడా పియానో వాయించి పాడే గాయకుడు. రాక్ అండ్ రోల్ పాటకు పేరు పొందిన జెర్రీ లీ లూయిస్‌కు దగ్గరి బంధువు. 1988 ఫిబ్రవరిలో ఆయనే తన సంఘము ఎదుట నిలిచి, కన్నీళ్ళతో తన పాపమును ఒప్పుకోవలసి వచ్చింది. ఇది ఎవరినీ చిన్నబుచ్చుటకు చెప్పడము లేదు. తీర్పు తీర్చే నోటికి కూడా కృప అవసరమేనని జ్ఞాపకము చేయుటకే.

ఇంతవరకు చదివి, "అయితే పిల్లలదే ఒప్పు" అని యౌవనస్థులు చంకలు గుద్దుకోవద్దు. కథ ఇంకా ఉన్నది.

1990 లో ఆ బృందము మరొక ఆల్బమ్ చేసింది. అందరూ తమను 'మత బృందము' అంటున్నారని విసుగు చెంది, పసుపు చారలు తీసివేశారు. పేరు క్రింది యెషయా వచనమును తీసివేశారు. పాటలలో ప్రభువు మాట దాదాపు కనబడలేదు. ఆ రోజులలో తాగుడు కూడా తమలోనికి వచ్చినదని మైకేల్ తరువాత తన ఆత్మకథలో దాచకుండా వ్రాశాడు. లోకమును మెప్పించవలెనని చేసిన ఆ ఆల్బమ్ మునుపటి వాటివలె అమ్ముడుపోలేదు. 1992 లో మైకేల్ బృందమును విడిచాడు, కొద్ది కాలములోనే బృందము చెదరిపోయింది. వెలుపల నిరసనలు వారిని కూల్చలేదు. ఎగతాళి కూల్చలేదు. తమ చేతులతో తాము వచనమును చెరిపివేసినప్పుడు కూలిపోయారు. 2003 లో మరల కూడుకున్నారు. అటు తరువాత వచ్చిన పాటలలో ప్రభువు నామము తిరిగి వినబడింది.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము ఒకసారి తెరవండి. పాట పైన రాగము పేరు, తాళము పేరు ఉంటాయి. ఆ రాగములు మందిరములో పుట్టినవి కావు. 19వ శతాబ్దములో పురుషోత్తమ చౌదరి గారి వంటి భక్తులు ఈ దేశపు బాణీలలో ప్రభువును స్తుతించారు గనుకనే, అక్షరము రాని మన అవ్వలు సైతము వాటిని కంఠతా పాడగలిగారు. బాణీ ఒక పాత్ర వంటిది. పాత్రను చూసి కాదు, అందులో ఏమి పోశారో చూసి త్రాగాలి.

కాబట్టి తండ్రులారా, ఈసారి కుమారుని చెవినుండి ఇయర్‌ఫోన్ లాగివేయకండి. ప్రక్కన కూర్చొని, "నాయనా, ఈ పాటకు అర్థమేమిటో చెప్పు" అని అడగండి. అతడు చెప్పలేకపోతే, అర్థము తెలియని పాట నోట ఎందుకని అతడే ఆలోచించుకుంటాడు. చెప్పగలిగితే మీరు వినండి. చెడ్డ మాట ఉంటే చెడ్డదని ప్రేమతో చెప్పండి. మంచి మాట ఉంటే, హోరు నచ్చకపోయినా, మంచిదని ఒప్పుకోండి. బిడ్డలారా, మీరు కూడా తండ్రిగారు పాడే పాత కీర్తన ప్రక్కన ఒక్క సాయంకాలము కూర్చోండి. మీ పాటలో ఏ వచనము ఉన్నదో, ఎంత మంది మెచ్చుకున్నా దానిని చెరపకుండ కాపాడుకోండి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక రాత్రి పెద్దలు ఒక పాట, పిల్లలు ఒక పాట ఎంచుకొని, రెండింటి అర్థము చెప్పుకొని, కలిసి పాడి ప్రార్థించుకొనవలెనని మా మనవి. ప్రభువు మీ గృహములను సమాధానముతో నింపును గాక. ఆమేన్.