ఆరు ఫిర్యాదులు, మూడేళ్లు: యూదు ద్వేషంపై ఆన్‌లైన్ పోరాటం

స్పాంజ్‌బాబ్ కార్టూన్‌లో స్క్విడ్‌వర్డ్ అని ఒక పాత్ర ఉంది. పిల్లలున్న ఇళ్లలో గుర్తుపడతారు. 2020 సెప్టెంబరులో ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో ఆ బొమ్మ నోట హోలోకాస్ట్ గురించి ‘సరదా నిజాలు’ పలికించారు. నాజీలు 60 లక్షల మంది యూదులను చంపడం సాధ్యమే కాదని, ఆష్విట్జ్ శిబిరంలో దహనశాలల పొగగొట్టాలు యుద్ధం అయ్యాక కట్టినవని వాటి సారాంశం. అంతా అబద్ధమే. ఆ పోస్టును చూసినవారు వెయ్యి మంది కూడా లేరు.

దానిపై ఆరు ఫిర్యాదులు వెళ్లాయి. నాలుగింటిని యంత్రమే తేల్చేసింది, రెండింటిని మనుషులు చూసి తప్పేమీ లేదన్నారు. కోవిడ్ మొదట్లో, పరిశీలించే సిబ్బంది చాలనప్పుడు, కొన్ని ఫిర్యాదులను ఎవరూ చూడకుండానే మూసేసే ఏర్పాటు ఒకటి పెట్టారు. అది 2023 మేలోనూ నడుస్తూనే ఉంది. ఫిర్యాదుదారు పట్టు వదలక మెటా ఓవర్‌సైట్ బోర్డు దాకా వెళ్లారు. బోర్డు ఈ కేసు చేపట్టాకే మెటా తన పొరపాటు ఒప్పుకుని పోస్టు తీసేసింది. 2024 జనవరిలో బోర్డు తీర్పు కూడా మెటాకు వ్యతిరేకంగానే వచ్చింది.

హోలోకాస్ట్ జరగలేదనడాన్ని నిషేధించే నియమం కూడా ఊరికే రాలేదు. 2018 జులైలో ఒక ఇంటర్వ్యూలో మార్క్ జుకర్‌బర్గ్, యూదుడిగా తనకు అలాంటి మాటలు బాధ కలిగిస్తాయంటూనే, అనేవాళ్లు కావాలని తప్పు చెబుతున్నారని అనుకోనని, వాటిని తీసేయాల్సిన పని లేదని వాదించారు. రెండేళ్ల తర్వాత 2020 జులైలో, నాజీ బాధితుల పరిహారం కోసం పనిచేసే క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ ‘నో డినయింగ్ ఇట్’ అనే ప్రచారం మొదలుపెట్టింది. శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడిన వృద్ధులు కెమెరా ముందు కూర్చుని, తమ వాళ్లు ఎలా చనిపోయారో జుకర్‌బర్గ్‌ను ఉద్దేశించి చెప్పారు. రోజుకొక వీడియో, అదీ ఆయన ఫేస్‌బుక్‌లోనే. వాళ్లు అడిగింది ఫలానా పోస్టు తీసేయమని కాదు, నియమం మార్చమని. పోస్టుల వెంట పడితే ఒకటి పోగానే పది వస్తాయి కదా!

అదే నెలలో, ద్వేష ప్రచారం ఆపాలంటూ వెయ్యికి పైగా కంపెనీలు ఫేస్‌బుక్‌లో ప్రకటనలు నిలిపేశాయి. అక్టోబరు 12న నిషేధం ప్రకటించారు. వృద్ధుల కన్నీళ్లు కరిగించాయా, ప్రకటనల డబ్బు కదిలించిందా అంటే రెండోదే ఎక్కువని నా అంచనా. కానీ ఆ డబ్బుకు ఒక ముఖాన్ని, గొంతును ఇచ్చింది మాత్రం ఆ వృద్ధులే.

ఈ పనిలో ఒక చిక్కు ఉంది. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని, గాజా యుద్ధాన్ని విమర్శించడం యూదు ద్వేషం కాదు. కానీ ‘జియోనిస్టు’ అనే మాట చాటున యూదులందరినీ పురుగులతోనో ఎలుకలతోనో పోల్చేవాళ్లూ ఉన్నారు. 2024 జులైలో మెటా ఈ రెండింటికీ మధ్య గీత గీయడానికి ప్రయత్నించింది. ఆ గీత ఎక్కడుందో గమనించకుండా కనిపించిన ప్రతిదాన్నీ రిపోర్ట్ చేసే కార్యకర్తలు తమ పక్షానికే చేటు చేస్తారు.

ఇదంతా ఎక్కడో పడమటి దేశాల గొడవ అనిపించవచ్చు. మనకు హిట్లర్ అంటే ఇంట్లో గట్టిగా మందలించే పెద్దన్న; 1997లో చిరంజీవి సినిమాకే ఆ పేరు పెట్టుకున్నాం. కానీ గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాట్లాడుతూ యూదు మతం పాటించే బెనె ఎఫ్రాయీము కుటుంబాలున్నాయి. మహారాష్ట్రలోని మన పాఠకులకు మరాఠీ మాట్లాడే బెనె ఇజ్రాయెలీలు తెలిసే ఉంటారు. ఎక్కడున్నా కొద్దిమందే. తమ మీద వచ్చే మాటను నలుగురూ పట్టించుకోనప్పుడు పదే పదే అర్జీ పెట్టుకోవడం ఎంత విసుగో, బళ్లారిలోనో హోసూరులోనో బరంపురంలోనో తరాలుగా ఉంటున్న మనకు వేరే చెప్పాలా?

2025 జనవరిలో మెటా మళ్లీ దారి మార్చింది. తీవ్రమైన ఉల్లంఘనలనే యంత్రాలు తమంతట తాముగా వెతుకుతాయని, మిగతావి ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే చూస్తామని చెప్పింది. అంటే బరువు తిరిగి బాధితుల నెత్తికే చేరింది. 2024 జనవరిలో క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ ఇచ్చిన లెక్క ప్రకారం హోలోకాస్ట్ నుంచి బయటపడి జీవించి ఉన్న యూదులు ప్రపంచమంతటా సుమారు 2 లక్షల 45 వేల మంది. వారిలో సగం మందికి 86 ఏళ్లు దాటాయి. ఇకపై కెమెరా ముందు కూర్చోవాల్సిందీ, ఏడో ఫిర్యాదు రాయాల్సిందీ వాళ్ల మనవలే.