ఓటుతో గెలిచిన మేయర్‌కే పగ్గాలివ్వాలి

నగరం బాగుపడాలంటే నియంత చెయ్యి పడాలనే వాదన మన డ్రాయింగ్ రూముల్లో తరచూ వినిపిస్తుంది. దీనికి బ్రెజిల్‌లోని కురిటిబా నగరాన్ని ఉదాహరణగా చూపేవారూ ఉన్నారు. 2021లో కన్నుమూసిన జైమీ లెర్నర్ ఆ నగరానికి మూడుసార్లు మేయర్. 1971లోనూ, 1979లోనూ ఆయనను సైనిక పాలకుల జమానాలో నియమించారు. ఓట్లు అడగనక్కర్లేదు కాబట్టే నగరాన్ని అంతగా మార్చగలిగారట!

నియామకంతో వచ్చిన ఆ కాలంలో ఆయన చురుకుగానే పనిచేశారు. 1972లో నగరం నడిబొడ్డున ఉన్న వీధిని 72 గంటల్లో పాదచారుల పరం చేశారు. దుకాణదారులు మండిపడ్డారు. కార్లతో దూసుకొస్తామన్నవారికి ఎదురుగా వీధి పొడవునా కాగితం పరిచి, పిల్లలను బొమ్మలు వేయడానికి కూర్చోబెట్టారు. మెచ్చుకోదగ్గ యుక్తే. కానీ అభ్యంతరం చెప్పే వ్యవధి కూడా ఇవ్వకపోవడాన్ని మేం సమర్థించలేం. అదే పదవీకాలంలో, 1974లో బస్సులకు ప్రత్యేక దారులు వచ్చాయి.

ఆ తర్వాతి కథను మాత్రం నియంతృత్వ ప్రియులు దాటవేస్తారు. లెర్నర్ 1988లో ప్రజల ఓట్లతో గెలిచి మూడోసారి మేయరయ్యారు. ఎక్కకముందే టికెట్ తీసుకుని, మెట్లెక్కే పని లేకుండా బస్సులోకి నడిచిపోయే గొట్టపు బస్‌స్టాపులు వచ్చింది ఆ పదవీకాలంలోనే. చెత్త లారీ వెళ్లలేని ఇరుకు బస్తీల్లో, జనమే చెత్త మోసుకొస్తే బదులుగా బస్సు టికెట్లు, కూరగాయలు ఇచ్చిందీ అప్పుడే. పేదల్ని పనిలో భాగస్వాముల్ని చేయడమంటే ఇదీ.

ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. తర్వాత పరానా రాష్ట్ర గవర్నర్‌గా అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థను అమ్మబోయి ప్రజాగ్రహం చవిచూశారు. మేయర్‌గా ఆయన తీర్చిదిద్దిన నగరంలోనూ పేదలు శివార్లకే చేరారన్న విమర్శలో నిజముంది.

మనం కురిటిబా నుంచి బస్సు దారిని అరువు తెచ్చుకున్నాం, దాన్ని నడిపే అధికారాన్ని తెచ్చుకోలేదు. విజయవాడలో బస్సుల కోసం వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డుకు పేరు మిగిలింది, బస్సుకు ప్రత్యేక దారి మిగల్లేదు. హైదరాబాద్‌లో బస్సులు ఆర్టీసీవి, నీళ్లు జలమండలివి, ప్రణాళిక హెచ్‌ఎండీఏది, కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఇక మేయర్ చేతిలో ఉన్నదేమిటి? పట్టణ స్థానిక సంస్థలకు అధికారాలివ్వాలన్న 74వ రాజ్యాంగ సవరణ జరిగి మూడు దశాబ్దాలు దాటింది. రెండు తెలుగు రాష్ట్రాలూ నగరపాలక చట్టాలను సవరించి, మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకునే ఏర్పాటు చేయాలి. కమిషనర్‌ను ఆ మేయర్‌కు జవాబుదారీ చేయాలి. నగర బస్సులు, నీళ్లు, ప్రణాళికల మీద తుది మాట మేయర్‌దే కావాలి. వచ్చే నగరపాలక ఎన్నికలకు ముందే ఈ సవరణలు చట్టసభల ముందుకు రావాలి.